ఆకురాయి పట్టిన చేయి

భావనారాయణ పోగు అతికితే అతికినచోటు మళ్ళీ అతనికే దొరకదనేవారు నేతగాళ్ళ పేటలో. అది ఉత్త పొగడ్త కాదు. గన్నవరం దాటాక ఉన్న ఆ పేటలో వందో నంబరు సన్ననూలుతో పంచెలు నేసే మగ్గాలు నాలుగో అయిదో ఉంటే, అందులో ముందు చెప్పుకునేది అతని మగ్గాన్నే. మనిషికి నోట్లో నాలుక లేదు గాని, ఆ వేళ్ళ మీద మాత్రం కాస్త గర్వం ఉండేది. ఉండొద్దూ మరి.

యుద్ధం వచ్చి నూలు మాయమైంది. నలభై మూడుకల్లా మగ్గాలన్నీ మూలపడ్డాయి. అప్పుడే పేటలో చాటింపు వేశారు. బెజవాడలో సర్కారు ఏడాదిపాటు ఫిట్టరు పని నేర్పిస్తుందట. తిండికి భత్యం సర్కారుది, చోటూ పనిముట్లూ కార్ఖానావాళ్ళవి. పాసైతే రైల్వేలో ఉద్యోగం. చెవికి ఎంత ఇంపుగా ఉందో చూడండి. ముప్ఫయ్యేళ్ళ భావనారాయణ గంపెడాశతో మూట కట్టాడు. అతని మేనత్త కూతురూ భార్యా అయిన సుబ్బరత్నం ఒక్కటే అడిగింది.

"ఇనుము పట్టుకుంటే చేతులు మొద్దుబారవా బావా?"

"ఇనుముతోనే బతుకుతాం గదా. ఇంక నూలెందుకే" అన్నాడు.

కార్ఖానా అంటే వన్ టౌన్‌లో గిడ్డంగుల వెనకాల ఒక రేకుల షెడ్డు. యజమాని వెంకటసుబ్బారావుగారు వడ్లమిల్లులకు సామాన్లు చేయించి పైకొచ్చిన రైతుబిడ్డ. పటాలానికి డేరా మేకులు చేసిచ్చే కాంట్రాక్టు అప్పుడే పట్టారు. నేర్చుకోవడానికి వచ్చిన పన్నెండుమందికీ తలా ఒక ఆకురాయి ఇచ్చి, కొలిమిలోంచి వచ్చిన మేకుల అంచులు అరగదీయమన్నారు. ఇదే మొదటి పాఠం కాబోలనుకున్నారు అందరూ. ఆరో నెలకు గాని తెలియలేదు, ఆఖరి పాఠమూ అదేనని. లేతు మిషను దగ్గరికి తుడవడానికి తప్ప రానిచ్చేవారు కాదు. నేర్పడానికి సర్కారు పెట్టిన సాంబమూర్తిగారు గోడ మీద బొమ్మ గీసి పాఠం మొదలెడితే, గుమస్తా వచ్చి మేకులు ఎంతవరకూ వచ్చాయనేవాడు. ఆయన సుద్దముక్క జేబులో వేసుకునేవారు. సర్కారు ముద్ర వేసి మరీ నేర్పిన విద్య ఇదీ.

ఏడాది తిరిగేసరికి భావనారాయణ అరచేతులూ వేళ్ళ కొసలూ కాయలు కాసి, పగిలి, చెక్కలా తయారయ్యాయి.

పరీక్షకు మద్రాసు నుంచి అధికారి వచ్చాడు. బల్ల మీద నున్నటి సామాన్లు వరసగా పెట్టి, ఒక్కోదాని ముందు ఒక్కొక్కరి పేరుతో చీటీ ఉంచారు. నిజానికి అవి కార్ఖానాలోని పాత ఫిట్టర్లు చేసినవి. అధికారి భావనారాయణ ముందు ఆగాడు.

"లేతు మీద ఇది చేసింది నువ్వేనా?"

భావనారాయణ సాంబమూర్తిగారి వైపు చూశాడు. ఆయన తల వంచుకుని నిలబడ్డారు. నిజం చెప్తే ముందు పోయేది ఆయన ఉద్యోగం. ఏడాదిలో తనను ఒక్కసారైనా ఒరే అనని మనిషి. పైగా కాగితం చేతికొస్తే పని ఎక్కడో ఒకచోట నేర్చుకోవచ్చులే అని ఒక పిచ్చి ఆశ.

"నేనేనండి" అన్నాడు.

పన్నెండుమందీ పాసయ్యారు. యజమానిగారు అధికారి మెడలో దండ వేశారు. ఒక్కొక్కరికీ సర్టిఫికెట్టూ, వాడిన ఆకురాయీ బహుమానం. వీధిలోకి వచ్చాక సాంబమూర్తిగారు అడిగారు.

"ఎందుకయ్యా అబద్ధమాడావు?"

"తమరు మాత్రం చెప్పారాండీ?"



రైలు షెడ్డులో మేస్త్రీ శౌరయ్య సర్టిఫికెట్టు చదివి, మర్యాదగానే కూర్చోబెట్టి, ఒక ఇనపముక్కా ఒక డ్రాయింగూ ఇచ్చాడు. భావనారాయణ డ్రాయింగు తలకిందులుగా పట్టుకున్నాడు. శౌరయ్య దాన్ని మెల్లిగా తిప్పి పెట్టాడు. అయినా ఒక్క గీతా అర్థం కాలేదు.

"ఏడాదంతా ఏం చేశావయ్యా?"

"డేరా మేకులండి."

"ఇంకా?"

"అంతేనండి."

శౌరయ్య కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఇంటికెళ్ళి నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

ఇల్లు చేరిన నెలకే నేత సంఘానికి కాస్త సన్ననూలు వచ్చింది. "నీకు గాక ఎవరికిస్తాం. కానీ ఈ పంచెల్లో మచ్చ కనపడితే మళ్ళీసారి నూలు ఇంకోళ్ళకి పోద్ది, నన్ననమాకు" అన్నాడు సంఘం ప్రెసిడెంటు ఏడుకొండలు. భావనారాయణ మగ్గం గుంటలో దిగాడు. పడుగు మీద చెయ్యేస్తే చాలు, పోగు వేలి పగుళ్ళలో చిక్కుకుని పుటుక్కుమనేది. ఒకటి అతకబోతే పక్కవి రెండు తెగేవి. సుబ్బరత్నం అతని చేతులకు ఆముదం రాసింది, వేడి గంజిలో నానబెట్టింది. ఏం లాభం లేకపోయింది. ఒకనాడు ఆమె నీళ్ళకు వెళ్ళినప్పుడు అతను పెరట్లో కూర్చుని, ఆకురాయి తీసుకుని, మేకుల అంచులు అరగదీసినట్టే తన వేళ్ళు అరగదీసుకున్నాడు. నేర్చుకున్న విద్య అదొక్కటే కదా. ఆమె వచ్చేసరికి అతను కట్టుకున్న పంచె ఒళ్ళో ఎర్రగా తడిసి ఉంది. సుబ్బరత్నం బిందె అక్కడే వదిలేసి భోరుమంది.

పుళ్ళు మానడానికి మూడు వారాలు పట్టింది. కొత్త చర్మం నున్నగా, మైనం పూసినట్టు వచ్చింది. మళ్ళీ గుంటలో దిగాడు. ఈసారి పోగులు చిక్కుకోలేదు. సుబ్బరత్నం కండెలు చుడుతూనే అతని వేళ్ళకేసి చూస్తోంది. కాసేపటికి ఒక పోగు తెగింది. అంత సన్ననూలు చేతికి దొరికిందీ లేనిదీ తెలియవలసింది వేళ్ళకే గాని కళ్ళకు కాదు. భావనారాయణ పడుగులో చెయ్యి పెట్టి, కొసల కోసం తడిమి, బొటనవేలితో మెలిపెట్టాడు.

"కలిసిందా, చూడు రత్నం" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట.

ఆమె లేచి వచ్చి వంగి చూసింది. కొసలు రెండూ ఎక్కడివక్కడే వేలాడుతున్నాయి. అతను ఉత్త వేళ్ళనే మెలిపెడుతున్నాడు.

"కలిసింది బావా" అంది. అతని చెయ్యి మెల్లిగా పక్కకు తీసి, ఆ పోగు తనే అతికింది.