మా మిల్లును లారీ ఎక్కించిన కంపెనీ

ఎనభైల్లో మాచర్ల దారిలోని ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో నా భర్త ఫిట్టరు. నేను చర్చి బళ్ళో టీచర్ని. మిల్లులో మిషన్లకు పత్తి అందించే పనంతా ఆడవాళ్ళదే. మా వీధిలో ఇంటికొకరు ఆ పనికి వెళ్ళేవారు, మా అత్తగారితో సహా. వీధి మొత్తం ఆ మిల్లు పెట్టే తిండే తినేది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదంతా వ్యాపారమని నాకు సర్దిచెప్పబోయిన వాళ్ళందరూ ఈ ఒక్క సంగతి వదిలేసి మాట్లాడారు.

మిల్లు కట్టిన షావుకారు చనిపోయాక కొడుకులు దాన్ని హైదరాబాదులోని ఒక పెట్టుబడి కంపెనీకి అమ్మేశారు. ఆ కంపెనీకి పత్తి గురించి తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. నలుగురి డబ్బూ పోగేసి నడుస్తున్న మిల్లును కొనడం, ఆ మిల్లునే బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తేవడం, తెచ్చింది తమలో తాము పంచుకోవడం, ఇదీ వాళ్ళు చేసే పని. అప్పు మాత్రం మిల్లు నెత్తిన ఉంటుంది. ఆ రోజుల్లో ఇదంతా నాకు తెలియదు. తెలిసిన మనిషి మా వైపు ఒకడే ఉన్నాడు, మంత్రుల ఇళ్ళలోకి చెప్పులతో వెళ్ళగలిగిన మా నాయకుడు. బ్యాంకులో అప్పు పుట్టింది ఆయన మాట మీదే. కంపెనీ ఆఫీసు ఆయన మేడ మీదే. పైగా అద్దె కూడా తీసుకోవట్లేదని ఊరంతా ఆయన్ను మెచ్చుకుంది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు సీజను అయిపోయిన రోజున నాయకుడు కంపెనీవాళ్ళను వెంటబెట్టుకుని మిల్లుకు వచ్చాడు. ఆడవాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"పాత మిషన్లు తీసేసి కొత్తయి పెడతన్నారమ్మా. వచ్చే సీజనుకు పని రెట్టింపయిద్ది. పూచీ నాది" అన్నాడు.

ఆయనే పూచీ అన్నాక ఇంకేం అడుగుతారు. వేసవిలో మిల్లు ఎప్పుడూ మూతే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మిషన్లు విప్పింది నా భర్తే. ఒక్కో ముక్కా గుడ్డతో తుడిచి, నూనె పూసి, ఏది దేని పక్కన బిగించాలో సుద్దతో గుర్తులు పెట్టాడు. పాత ఇనుముకు ఇంత సేవ ఎందుకని అడిగాను.

"జాగర్తగా ఇప్పమన్నారే. ఎవురన్నా చిన్న మిల్లోళ్ళు కొనుక్కుంటారేమోలే" అన్నాడు.

లారీలు వచ్చిన రోజు మా వీధి చేసిన నిర్వాకం చెప్పాలి. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన మిషన్లు కదా అని ఆడవాళ్ళు వాటికి పసుపు రాసి బొట్టు పెట్టారు. లారీల ముందు టెంకాయలు కొట్టారు. దారిలో ఏ ఆపదా రాకూడదని టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. మా అత్తగారు కొంగు కప్పుకుని ప్రార్థన చేసింది. ఎదురుగా వెల్డింగ్ షాపు సాయిబుగారు సాంబ్రాణి పొగ పట్టించాడు. మమ్మల్ని దోచుకుపోయేవాళ్ళు క్షేమంగా వెళ్ళాలని అన్ని దేవుళ్ళనూ మేమే వేడుకున్నాం. లారీల వెంట వచ్చిన కంపెనీవాడు చేతులు జోడించి ప్రసాదం కూడా తీసుకున్నాడు. ఆ ముక్క వాడి గొంతులో ఎలా దిగిందో నాకు అర్థం కాదు.

మళ్ళీ పత్తి తీతలు మొదలయ్యాయి, కొత్త మిషన్లు మాత్రం రాలేదు. అప్పు కట్టలేదని మిల్లు గేటుకు బ్యాంకువాళ్ళ తాళం పడింది. అందరం కలిసి నాయకుడి ఇంటికి వెళ్ళాం. మేడ మీద కంపెనీవాడి చొక్కాలు ఆరేసి ఉన్నాయి.

"నేనేమన్నా ఓనర్నా అమ్మా? నష్టమొచ్చింది, మూసుకున్నారు" అన్నాడు నాయకుడు.

"పూచీ నాదన్నావు గదయ్యా" అంది మా అత్తగారు.

"మీకు మంచి జరగాలని అన్నాను. తప్పా?"

అసెంబ్లీ ఎన్నికలొచ్చి ఆయన ఓడిపోయాడు. మా వీధిలో ఆడవాళ్ళు పండగ చేసుకున్నారు. గెలిచిన కొత్తాయన ఊరేగింపు మా వీధిలోకి వస్తే ముందు నడిచిన జీపు కంపెనీదే. డ్రైవరు కూడా పాతవాడే, జెండా ఒక్కటే మారింది. ఇక ఎవరి గడప ఎక్కి మొరపెట్టుకోవాలి? ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి మాచవరం వైపు మిరప కోతలకు పోవడం మొదలుపెట్టారు. మిరప ఘాటు అలవాటు లేక మా అత్తగారి చేతులు బొబ్బలెక్కి, ముద్ద కలుపుకోలేక చెంచాతో తినేది.

అలాంటి రోజుల్లో కంపెనీవాడు మా ఇంటికి వచ్చాడు. కృష్ణ అవతల వాళ్ళదే ఇంకో మిల్లు ఉందట. మా మిషన్లు అక్కడికే చేరాయట. బిగించడం అక్కడ ఎవరికీ చేతకావడం లేదు కాబట్టి నా భర్త రావాలట. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా గుమ్మంలోంచే పంపించాను. అయినా నా భర్త సరేనన్నాడు.

"ఏమే, ఇంకేడన్నా పనుందా? ఉంటే చెప్పు, ఆడికే పోతా" అన్నాడు.

ఆ ప్రశ్నే నన్ను నిలువునా కాల్చింది.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళు కోతల నుంచి నేరుగా మా గుమ్మంలోకి వచ్చారు. మా మొహాన ఉమ్మేస్తారనే అనుకున్నాను. ఉమ్మేసినా పడాల్సిందే అనుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. అందరిలోకీ పెద్దామె నన్ను దాటుకుని నా భర్త దగ్గరకు వెళ్ళింది.

"తమ్ముడా, ఆడ మిషన్ల కాడ ఆడోళ్ళు కావాలేమో కనుక్కో. మాకు ఆ మిషన్లు అలవాటే గదా, కొత్తగా నేర్పే పనుండదని చెప్పు. కూలి కాస్త తగ్గించుకున్నా వస్తాం" అంది.

కంపెనీని, ఇద్దరు నాయకులనూ అప్పటిదాకా తిడుతూనే ఉన్నదాన్ని. ఆ మాట విన్నాక తిట్లు మాని, మిగతావాళ్ళు లోపలికి రావడానికి తలుపు వదిలి పక్కకు జరిగాను. నా భర్త సంచీలో పానాలు సర్దుకుంటూ, తలెత్తకుండానే, "అడుగుతాలే అక్కా" అన్నాడు.