పెట్టె దాటిన ఉప్పు

2022. దోహాలో ఎటు చూసినా ప్రపంచకప్ హడావుడే. రోడ్లు వేస్తున్నారు, తవ్వుతున్నారు, మళ్లీ వేస్తున్నారు. నేను మాత్రం ల్యాబ్‌లో ఏసీ కింద శాలువా కప్పుకుని ఉప్పును చూస్తూ కూర్చునేదాన్ని.

నా పని మాలిక్యులర్ డైనమిక్స్ సిమ్యులేషన్. అణువులు ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో, ఎలా నెడతాయో లెక్కగట్టి, అవి ఎటు కదులుతాయో కంప్యూటర్ చేత చెప్పించడం. దోహా పక్కనే ఉన్న లుసైల్ వైపు నేల కింది నీళ్లు ఉప్పు కషాయం. ఆ ఉప్పులోని క్లోరైడ్ కాంక్రీటులోకి దూరి లోపలి ఇనుప కడ్డీలను తినేస్తుంది. బేస్‌మెంట్ గోడలకు వేసే పూత దాన్ని ఏ మేరకు ఆపుతుందో తేల్చమని కంపెనీలు మా దగ్గరికి వచ్చేవి.

అలా వచ్చినవారే రాజేశం గారు. జగిత్యాల వైపు మనిషి, ఒక పూతల కంపెనీలో క్వాలిటీ ఇంజినీరు. సిమ్యులేషన్ అప్పటికే ఎవరో కన్సల్టెంట్ చేసి వెళ్లిపోయాడు. దాన్ని సరిచూసి మేము సంతకం పెడితే చాలు. వస్తూనే ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల బొమ్మ ఆడించారు.

"చూడుండ్రి మేడం, ఎంతసేపైనా క్లోరైడ్ గా పెట్టెలనే తిరుగుతున్నది. ఎటూ పోతలేదు. పూత మస్తుగ పనిచేస్తున్నది."

"సినిమాలు తర్వాత చూద్దాం. ఫైళ్లు ఇవ్వండి" అన్నాను. కదిలే బొమ్మలంటే నాకు మొదటి నుంచీ అనుమానమే.

ఆయన తొందరకు కారణం ఉంది. రిపోర్టు మీద సంతకం పడిన రోజే సెలవిస్తానని మేనేజర్ మాటిచ్చాడట. ఆ సెప్టెంబరు దాటితే ఆటలు అయిపోయేదాకా కంపెనీలో ఎవరికీ సెలవు లేదు. ఒకసారి కరోనా, ఇంకోసారి పని. బతుకమ్మకు ఇంటికి వెళ్లి ఏళ్లు గడిచాయి. కూతురు శ్రీనిధికి ఈసారి మొదటిసారి తన చేతులతో తానే బతుకమ్మ పేర్చాలని పట్టుదల.

"మా దిక్కు పూలు తెచ్చుడు మగోళ్ల పని మేడం. తంగేడు, గునుగు చెలకలల్ల తిరిగి తేవాలె. బాపు తెచ్చిన పూలతోనే పేరుస్త అంటున్నది పిల్ల. టికెట్ గూడ తీసిన."

నాకు ఆ బాధ తెలియంది కాదు. మా ఆయన గుడివాడలో, నేను దోహా అల్ మన్సూరాలో ఒక గది ఫ్లాట్‌లో. ఫోన్ పెట్టేశాక గది ఎంత ఖాళీగా ఉంటుందో నాకు బాగా తెలుసు. అందుకే ఆ ఫైళ్లు బాగుండాలని మనసారా కోరుకున్నాను.

బాగాలేవు. క్లోరైడ్ బయల్దేరిన చోటి నుంచి ఎంత దూరం పోయిందో చూపే గీత కాసేపు పైకి లేచి, ఆపైన చాప పరిచినట్టు అడ్డంగా పడుకుంది. అది ఆగిన ఎత్తు సరిగ్గా సిమ్యులేషన్ పెట్టె కొలతకు తగ్గట్టే ఉంది. అంటే దాన్ని ఆపింది పూత కాదు, పెట్టె.

మొత్తం గోడను ఏ కంప్యూటర్లోనూ పట్టించలేం. చిన్న పెట్టె ఒకటి తీసుకుని, దాని చుట్టూ అలాంటి పెట్టెలే అంతులేకుండా ఉన్నాయనుకుంటాం. పెట్టె కుడి గోడ దాటిన క్లోరైడ్ అయాన్‌ను ఎడమ గోడలోంచి లోపలికి తెస్తాం. అందుకే సాఫ్ట్‌వేర్ దగ్గర ప్రతి అయాన్‌కూ రెండు రకాల స్థానాలుంటాయి. ర్యాప్డ్ అంటే పెట్టెలో ఇప్పుడు కనిపించే చోటు. అన్‌ర్యాప్డ్ అంటే దాటిన గోడలన్నీ కలుపుకుని నిజంగా చేరిన చోటు. అవుట్‌పుట్‌లో ఏది రాయాలో రన్ మొదలుపెట్టకముందే మనం చెప్పాలి. కన్సల్టెంట్ మొదటిది రాయించాడు. పైగా డిస్క్ నిండిపోతుందని అయాన్ల చోట్లు నమోదయ్యే ఫ్రేములు దూరం దూరంగా రాయించాడు. మధ్యలో ఏ అయాన్ ఎన్ని గోడలు దాటిందో ఇక తెలుసుకునే దారి లేదు.

రాజేశం గారిని పిలిచి చెప్పాను.

"పూత మంచిదే మేడం. యల్లా, కానియ్ అని ఒక్క సంతకం పెట్టుండ్రి. మీకు దండం పెడ్త."

"నాకు పెట్టాలనే ఉందండీ. పెట్టలేను."

"మళ్ల చేస్తే ఎన్ని దినాలు?"

"మెషీన్ దొరికితే మూడు వారాలు."

అంటే బతుకమ్మ వెళ్లిపోతుంది. ఇద్దరికీ అర్థమైంది. నేను వేయించిన చిన్న టెస్ట్ రన్ చూపించాను. ఒకే అయాన్. ర్యాప్డ్ బొమ్మలో పెట్టెలోనే గిరగిరా తిరుగుతోంది. పక్కనే అన్‌ర్యాప్డ్ బొమ్మలో పెట్టె మీద పెట్టె దాటుకుంటూ పోతోంది. ఆయన చాలాసేపు రెండో బొమ్మనే చూశారు.

"గట్లనే ఉన్నది నా బతుకు గూడ" అన్నారు మెల్లగా. "ఈ పక్క నుంచి పోయిన అనుకుంట, ఆ పక్క నుంచి మళ్ల దోహాలనే తేలుత. ఎంత దూరమైననో ఎవ్వలు రాసిపెడ్తలేరు."

ఆ తర్వాత ఆయనే లేచి, "ఆ గోడల మీద బిల్డింగ్ నిలవడాలె మేడం. మళ్ల చేయుండ్రి" అన్నారు. అక్కడే నిలబడి ఫోన్‌లో టికెట్ రద్దు చేసుకున్నారు.

సద్దుల బతుకమ్మ నాటికి రన్ ఇంకా సాగుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం ఏదో కాగితం ఇవ్వాలని ఆయన ల్యాబ్‌కు వచ్చారు. కాగితం సాకేనని నాకు తెలుసు, టీ పోశాను. అంతలో వీడియో కాల్ వచ్చింది. తెర నిండా పసుపు పూలు, వాటి వెనక శ్రీనిధి.

"మామ తెచ్చిండు పూలు. బాపూ, ఇంకా దుబాయ్‌లనే ఉన్నవా?"

"గీడనే ఉన్న బిడ్డా" అన్నారాయన నవ్వుతూ. గల్ఫ్ అంతా దుబాయ్ కాదని చెప్పడం ఎప్పుడో మానేశారు. కాల్ అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను కిటికీ వైపు తిరిగాను.

కొత్త గీత ఆగకుండా పైకి పోయింది. క్లోరైడ్ నెమ్మదిగానే అయినా కదులుతోంది. పూత మందం పెంచాలని రాసి సంతకం పెట్టాను. కంపెనీ కాస్త సణిగి, పెంచింది.

ఆ కేసు నాకు నేర్పింది ఒక్కటే. ఎవరైనా ఇప్పుడు ఎక్కడున్నారో చూపే లెక్క ఎప్పుడైనా దొరుకుతుంది. ఎంత దూరం వచ్చారో మాత్రం ముందే అడిగి రాయించుకోవాలి, తర్వాత వెతికితే దొరకదు. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లతో మొదట రాయించేది అన్‌ర్యాప్డ్ స్థానమే.

ఆటలు ముగిశాక జనవరిలో రాజేశం గారు ఊరెళ్లారు. వెళ్లిన వారం తర్వాత ఒక ఫోటో పంపారు. వాకిట్లో శ్రీనిధి, ముందు పళ్లెంలో వంకరగా పేర్చిన చిన్న బతుకమ్మ. పూలన్నీ గడ్డి రంగులో ఉన్నాయి. కింద ఇలా రాశారు: "గునుగు ఎండిపోయింది మేడం. అయినా నేనే తెచ్చిన."