పొగ రాని కుంపటి

పోయిన వారం మా అపార్టుమెంటు లిఫ్టులో పాత చీటీ చించేసి, ప్లాస్టిక్ తొడుగు వేసిన కొత్త నోటీసు అంటించారు. బాల్కనీల్లోనూ మిద్దె పైనా బొగ్గుల కుంపట్లు, గ్యాసు పొయ్యిలు వెలిగించరాదని అందులో పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. మూడో అంతస్తు వచ్చేలోపు దాన్ని రెండుసార్లు చదువుకుని నాలో నేనే నవ్వుకున్నాను, ఎందుకంటే ప్రొద్దుటూరులో ఈ భవనం మొత్తానికి ఆ రూలు తెచ్చిపెట్టింది మా అక్క అన్న సంగతి మా ఇంటివాళ్లకూ, ఎదురింటి వాళ్లకూ తప్ప ఇప్పుడు ఎవరికీ గుర్తున్నట్టు లేదు. నా ఈడువాళ్లు చాలామంది సొంత ఇళ్లు వదిలి ఇలాంటి ఫ్లాట్లలోకి చేరుతున్నారు కదా, వాళ్లకేమైనా పనికొస్తుందేమోనని ఆ ముచ్చట చెప్పాలనిపించింది.

నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. నన్ను పెంచింది అక్కే. ఆమె పెళ్లై జమ్మలమడుగు వెళ్లిపోయాక కొన్నాళ్లకు నేను పులివెందులలో ఒక వెల్డింగు షాపులో పనికి కుదిరాను. ఆ రోజుల్లో ఊళ్లో కొత్త ఇళ్లు తెగ లేస్తుండేవి, ఇంటికి గోడ లేవకముందే కిటికీల గ్రిల్లుకు కొలతలు ఇచ్చిపోయేవాళ్లు, పువ్వుల గ్రిల్లు, నెమలి గ్రిల్లు, సూర్యుడి గ్రిల్లు అని మేం వాటికి పేర్లు పెట్టుకునేవాళ్లం. శనివారం పని దిగగానే ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కి అక్క ఇంటికి పోయేవాణ్ణి. వెల్డింగు వెలుగుకు ఎర్రబడ్డ నా కళ్లు చూసి ఆమె పలకరింపు కూడా మానేసి, ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, చక్రాల్లా కోసి కళ్ల మీద పెట్టి పడుకోబెట్టేది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం ఒట్టి తునకలు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, మాంసాన్ని పొడవాటి పేలికలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, దారానికి గుచ్చి ఎండబెట్టి డబ్బాకెత్తుకుంటారు మా సీమలో. కావాల్సినప్పుడు నాలుగు తీసి నిప్పుల మీద కాల్చి, రాతితో ఒక దెబ్బ వేసి జొన్నరొట్టెలో పెట్టుకుంటే ఇక కూర సంగతి ఎవరూ అడగరు. అక్క మొదట్లో పట్టకారుతో ఒక్కొక్క తునకే పట్టుకుని కాల్చేది, వేళ్లు చురుక్కుమంటుండేవి. అది చూడలేక షాపులో మిగిలిన కడ్డీముక్కలతో కుంపటి మీదికి సరిపోయేటట్టు కిటికీ గ్రిల్లులాంటి ఒక చట్రం అతికి తెచ్చాను. మా తమ్ముడు నా కుంపటికి కిటికీ పెట్టించినాడని అక్క వీధంతా చెప్పుకుంది. నేను నా చేతులతో మా వాళ్ల కోసం చేసిన మొదటి వస్తువు అదే, ఆ తరువాత వేల కిటికీలు చేశాను కానీ అంత గర్వం మళ్లీ కలగలేదు.

సెగ చూడటంలో ఆమెది ఒక లెక్క. అరచేతిని నిప్పుల మీద పట్టి ఒకటి, రెండు అని మెల్లగా లెక్కపెట్టేది, అయిదులోపు చెయ్యి తీసేయాల్సొస్తే తునకలు వేయొచ్చు, పదిదాకా నిలిస్తే ఇంకా విసరాలి. ఆ లెక్క తప్పి ఒక్క తునక కూడా మాడటం నేను చూడలేదు.

ఏళ్లు గడిచాయి. బావ పోయాడు, వాళ్లకు పిల్లలు లేరు, అక్క ఒక్కతే ఆ ఇంట్లో ఉండిపోయింది. మా ఆవిడ కాలం చేశాక నేను కొడుకు, కోడలితో ఈ ఫ్లాటులో చేరాను. కిందటేడు అక్క పెరట్లో జారిపడి, పాలామె వచ్చి చూసేదాకా సగం పూట అలాగే నేల మీద పడి ఉందని తెలిసి ఆ పూటే బస్సెక్కాను. మోకాలికి కట్టు కట్టించి, వద్దన్నా వినకుండా ప్రొద్దుటూరుకు తీసుకొచ్చేశాను. గోనెసంచిలో కుంపటి, డబ్బానిండా తునకలు, ఒక బట్టల సంచి, అంతే ఆమె సామాను.

రెండో ఆదివారం నేను బజారుకు వెళ్లివచ్చేసరికి ఆమె బాల్కనీలో కుంపటి రాజేసింది. ఎదురు ఫ్లాటు బంగారు అంగడి శెట్టిగారిది, వాళ్లు నీసు ముట్టరు, పైగా శెట్టిగారి తల్లికి ఆయాసం. ఆ పొగకు ఆ పెద్దామె దగ్గీ దగ్గీ నీరసపడిపోయిందట. ఎవరూ మా మొహాన ఒక్క మాట అనలేదు కానీ, సాయంత్రానికి లిఫ్టులో చేత్తో రాసిన చీటీ ఒకటి వెలిసింది. అక్క దాన్ని కోడలి చేత చదివించుకుంది.

"తునకలు కాల్చుకునేదానికి గూడా చీటీ అంటిస్తారంటే ఈడ నాకేం పనిరా. మోకాలు కాస్త కుదురుకోనీ, మా ఊరికి పోతా," అంది నాతో.

అప్పటినుంచి ఆమె సర్దిపెట్టుకున్న సంచి మంచం కిందే ఉండేది. వంటింటి వైపు రావడం మానేసింది, పెట్టింది తిని, చుట్టంలా కూర్చునేది. ఆమె కోపం నాకు తెలియనిది కాదు. ఈసారి పడితే పాలామె ఆ పూట రాకపోతే ఏమిటన్నదే నా దిగులు. వంటగ్యాసు మంట మీద ప్రయత్నించాం, తునక అంచులు బొగ్గయ్యాయి, లోపల పచ్చిగా ఉండిపోయింది, ఆమె పళ్లెం పక్కకు నెట్టింది.

అప్పుడు కోడలు, "ఎలక్ట్రిక్ గ్రిల్లు తెచ్చుకుందాం మామా," అంది.

నలభై ఏళ్లు గ్రిల్లులు చేసినవాడికి గ్రిల్లంటే ఏం తోస్తుందో మీరే చెప్పండి. బాల్కనీ గ్రిల్లుకు కరెంటు పెట్టడం ఈ మధ్య వచ్చిన పద్ధతేమో అనుకుని, ఇవాళారేపు పిల్లలకు అన్నీ తెలుసు కదా అని, పులివెందులలో నాతోపాటు పనిచేసిన తోటి వెల్డరుకు ఫోను కొట్టాను. పాపం, ఆ ముసలాయన బస్సెక్కి వచ్చి బాల్కనీ అంతా టేపుతో కొలిచి, చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"కోతులు అంత శానా వస్తాండాయా అప్పా, కరెంటు పెట్టాల్సినంత? మనుషులు చెయ్యేస్తే ఏమైతాదో ఆలోచన చేసినావా?" అన్నాడు.

కోడలు వంటింట్లోంచి వచ్చి, విషయం తెలుసుకుని, నేనన్నది తునకలు కాల్చే యంత్రం మామా అంటూ గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. రెండు వారాలుగా నోరు మెదపని అక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వుకే నేను ఆ ముసలాయనకు బిర్యానీ పెట్టించి పంపాను.

మర్నాడు ఆటోలో అక్కను వెంటబెట్టుకుని కరెంటు సామాన్ల అంగడికి వెళ్లాను. అక్కడ మూడు రకాలు చూపించారు. రెండు రేకుల మధ్య పెట్టి నొక్కేది ఒకటి, అది రొట్టెలకు సరే కానీ తునకను ఇస్త్రీ చేసినట్టు చేస్తుంది. అద్దం మూతతో గుండ్రంగా, చూడముచ్చటగా ఉన్నది ఇంకొకటి. మూడోది చూడటానికి మొరటుగా ఉంది, ఎర్రగా కాలే కడ్డీ, దాని కింద నీళ్లు పోసే తట్ట, పైన ఊడదీసి కడుక్కునే జాలీ, అలాంటి జాలీలు రెండు. కొవ్వుచుక్క నీళ్లలో పడుతుంది కాబట్టి పొగ రాదన్నాడు అంగడతను. నేను నా బుద్ధి కొద్దీ జాలీ అతుకులు గోటితో గీకి చూసి, గీజరుకు పెట్టే పెద్ద ప్లగ్గు దీనికీ కావాలని, సాదా తీగకు తగిలిస్తే అది కరిగిపోతుందని గుర్తుపెట్టుకున్నాను.

అక్క ఇవేవీ వినలేదు. ఒక్కొక్కటీ ప్లగ్గులో పెట్టించి, అరచెయ్యి పట్టి, అంత జనంలో నోరు విప్పి లెక్కపెట్టింది. అద్దం మూతదాని మీద పన్నెండు దాకా నిలిచింది ఆమె చెయ్యి.

"ఇది చలికాలం చేతులు కాచుకునేదానికి పెట్టుకో నాయనా," అంది.

మొరటుదాని మీద నాలుగుకే చెయ్యి తీసేసింది. అంగడతను ఉత్సాహపడి, బొగ్గుతో పనే లేదు అవ్వా అన్నాడు. అక్క అతని వైపు తిరిగింది.

"బొగ్గు లేకుండా కరెంటు యాడిది? మా ఆయన కలమల్ల కాడ కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గు మసి పూసుకోనే బతుకంతా గడిపినాడు. బొగ్గు ఆడ కాలుతాది, తునక ఈడ కాలుతాది, అంతే గదా. ఇది కట్టియ్యి," అంది.

బావ పేరు ఎత్తి చాలా కాలమైంది. ఆటోలో ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, నన్ను ముట్టుకోనివ్వకుండా కూర్చుంది.

ఆ ఆదివారం యంత్రాన్ని వంటింటి బండ మీద అమర్చి, తట్టలో నీళ్లు పోశాం. తునకలు వేయబోతూ అక్క ఆగి, కర్ర పట్టుకుని ఎదురింటికి నడిచింది. గొడవకు పోతోందేమోనని నేను వెనకాలే పరుగెత్తాను. తలుపు తీసిన శెట్టిగారి భార్యతో, ఇంకాసేపట్లో కాలుస్తానమ్మా, పొగొస్తే చెప్పు, రాకపోయినా చెప్పు అంది. లోపలి మంచం మీద నుంచి పెద్దామె అక్కను పిలిచింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు కానీ, అక్క తిరిగి వచ్చేటప్పుడు చేతిలో నాలుగు వంకాయలున్నాయి. ఫ్లాటుకు వచ్చినప్పటినుంచి ఆ పెద్దామెకు కాల్చిన వంకాయ పచ్చడి మీద ప్రాణం కొట్టుకుంటోందట.

నీసు తగిలితే వాళ్లకు పనికిరాదు కదా అని నేను నసిగాను. ఇంకా ఏమీ తగల్లేదు కదరా అని అక్క మొదట వంకాయలే కాల్చింది, తరువాత ఆ జాలీ తీసి కడిగి, తెల్ల గుడ్డలో చుట్టి శెట్టిగారింటిదని అటక మీద వేరుగా పెట్టించింది. రెండో జాలీ మీద మా తునకలు. నిజం చెప్పాలంటే రుచి ఒక పిసరు తగ్గింది, బొగ్గు వాసన లేదు. ఆ మాట అక్కతో అన్నాను. నీకు కళ్లు మండందే తిన్నట్టుండదు అని కసిరి, ఇంకో తునక నా పళ్లెంలో వేసింది. ఎదురింటి నుంచి దగ్గు వినిపించలేదు.

తిన్నాక చేతులు తుడుచుకుంటూ, గోడ వైపు చూసి, "జమ్మలమడుగు ఇల్లు బాడుగకిచ్చెయ్యిరా. ఊరికే బూజు పడతాంది," అంది. నేను సరే అన్నాను. ఆ సాయంత్రం మంచం కింద సంచి లేదు, చీరలు బీరువాలో కోడలి చీరల పక్కన ఉన్నాయి.

మా కాలంలో ఎవరింట్లో ఏం కాలుతోందో పొగే వీధంతా చెప్పేది, పిలవకపోయినా చేతిలో రొట్టె పట్టుకుని ఎవరో ఒకరు వచ్చి గడపలో కూర్చునేవాళ్లు. ఇప్పుడు పొగ లేదు, ఆ మోకాళ్ల నొప్పితోనే కర్ర పట్టుకుని నాలుగడుగులు నడిచి, తలుపు తట్టి మనమే చెప్పుకోవాలి. ఆ పొగ పోయిందన్న బాధ నాకుంది. అయినా అక్క ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ నాలుగడుగులూ నడుస్తోంది.