సున్నం పట్టిన లైటర్

మా అమ్మ కుడిచెయ్యి పడిపోయిన ఏడాది నేను రెండు విషయాల్లో ఓడిపోయాను. ఒకటి, ఆమె చేత చుట్ట మాన్పించడంలో. రెండు, ఆ చుట్ట నేను ముట్టించడంలో.

మొదటి ఓటమి ఊహించినదే. డాక్టరు పూర్తిగా మానెయ్యమన్నాడు. రోజుకు ఆరు తాగే మనిషి రెండుకు దిగింది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అంతకంటే కిందికి రానంది. అమ్మది ఉడుంపట్టు. నాదీ అంతే. ఇంట్లో ఉండేది మేమిద్దరమే కాబట్టి మధ్యవర్తి కూడా దొరకడు.

రెండో ఓటమే నాకు మింగుడుపడలేదు. అగ్గిపుల్ల గీయడానికి రెండు చేతులు కావాలి. అమ్మ అగ్గిపెట్టెను మోకాళ్ళ మధ్య ఇరికించి ఎడమచేత్తో గీసేది. పదింట్లో ఎనిమిది పుల్లలు విరిగేవి. ఒకరోజు అంటుకున్న పుల్ల ఒళ్ళో పడి చీర అరచెయ్యంత కాలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు నాకు లేదు. ఆ పూటే అగ్గిపెట్టెలన్నీ తీసి పై అలమరలో పెట్టేశాను. చుట్ట కావాలంటే నన్ను పిలువు, నేను ముట్టిస్తాను అని చెప్పాను.

ఆమె పిలవలేదు. నాలుగు రోజులు ముట్టించని చుట్ట నోట్లో పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. ఐదో రోజు నేనే పుల్ల గీసి దగ్గర పెడితే మొహం పక్కకు తిప్పుకుంది.

"నా చుట్టకు నిప్పు నేనే పెట్టుకుంట బిడ్డా," అంది.

ఎందుకని అడిగితే ముట్టించని చుట్టను నోట్లో ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చుకుంది. మాన్పించాలని అంత పోరినదాన్ని, పీడ విరగడైందని సంతోషించాలి కదా. సంతోషం రాలేదు. మనిషి తనంతట తాను మానెయ్యడం వేరు, చెయ్యి రాక మానుకోవడం వేరు. ఆమెను అలా చూడటం నాకు కష్టంగా ఉండింది. ఒంటిచేత్తో వెలిగించుకునే దారి ఏదో ఒకటి చూపించి తీరాలనుకున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను మహారాష్ట్రలో, చంద్రపూర్ బొగ్గుగనిలో, ల్యాంపు రూములో పనిచేస్తాను. నాన్న పోయాక ఆయన బదులు నాకిచ్చిన ఉద్యోగం. లోపలికి దిగేవాళ్ళు టోపీకి తగిలించుకునే దీపాలను ఛార్జి చేసి ఇవ్వాలి, పైకొచ్చాక తీసుకుని తుడిచి పెట్టాలి. గనిలో గ్యాసు ఉంటుంది గనుక బీడీ, అగ్గిపెట్టె, లైటర్ ఏవీ గేటు దాటకూడదు. ఇన్నేళ్ళుగా నిప్పును దొంగను చూసినట్టు చూస్తూ వచ్చినదాన్ని, పనిగట్టుకుని గోల్ బజార్‌కు వెళ్ళి, ఒంటిచేత్తో వెలిగే లైటర్ ఉందా అని అడిగాను.

దుకాణదారు గాజు అలమరలోంచి నల్లటి లైటర్ ఒకటి తీశాడు. బొటనవేలితో నొక్కితే సన్నటి నీలిమంట సుయ్‌మని నిలువుగా లేచింది. ఫ్యాను కింద పెట్టినా ఆరలేదు. ఇది సిగార్లు తాగే పెద్ద సాహెబుల కోసమని మరాఠీలో చెప్పి, మీ ఇంట్లో ఎవరు తాగుతారని అడిగాడు. మా అమ్మ, చుట్ట, ఏ సాహెబుకూ తీసిపోదు అన్నాను. నవ్వుతూ అందులో నింపే గ్యాసు డబ్బా కూడా కట్టిచ్చాడు.

అమ్మ ఎడమ బొటనవేలికి ఆ మీట అలవాటు కావడానికి మూడు రోజులు పట్టింది. చేతిలో లైటర్ ఉంటే చుట్టను పళ్ళతో పట్టుకోవాలి. ఆ పళ్ళు ఉన్నవే నాలుగు. మొహం దగ్గర మంట కాబట్టి అడుగున ఉన్న చిన్న చక్రాన్ని తిప్పి మంటను వేలి కణుపంత పొట్టి చేశాను. చుట్టను మంటలో ముంచకూడదు, కాస్త ఎడంగా పెట్టి నెమ్మదిగా పీల్చాలి అని నేర్పాను. నాలుగో రోజు పొద్దున వాకిట్లోంచి పొగ వాసన వచ్చింది. వంటింట్లో నిలబడి గెలిచినంత సంబరపడ్డాను.

ఆ సంబరం నెల కూడా నిలవలేదు. ఒక సాయంత్రం లైటర్ టిక్కుటిక్కుమంది, అంటుకోలేదు. గ్యాసు అయిపోయింది. నింపడం ఎంత పని అనుకుని డబ్బా మూతిని లైటర్ అడుగున ఆనించి నొక్కాను. సగం గ్యాసు చల్లగా నా వేళ్ళమీదే చిమ్మింది. లోపలికి పోయిందేదో పోయిందని వెంటనే వెలిగిస్తే, మంట ఒక్కసారి జానెడు లేచి ఆరిపోయింది. అదృష్టం, నా చేతిలో ఉన్నప్పుడే. అమ్మ నోటి దగ్గర అయితే మొహమంతా కాలేది.

ఆ రోజు నుంచి దాన్ని ల్యాంపు రూము పనిలాగే పట్టుకున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. మొదటి తప్పు, లోపల మిగిలిన గాలిని వదలకుండా నింపడం. లైటర్‌ను తలకిందులుగా పట్టుకుని, అడుగున ఉన్న బుడిపెను సన్నటి స్క్రూడ్రైవరుతో నొక్కి, సుయ్యిమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా వదలాలి. లేకపోతే గాలే చోటు ఆక్రమించుకుని గ్యాసును రానివ్వదు. రెండో తప్పు, మంట చక్రాన్ని చివరిదాకా తగ్గించకుండా నింపడం. మూడోది, డబ్బాను వంకరగా పట్టుకోవడం. లైటర్, డబ్బా రెండూ తలకిందులుగా, నిట్టనిలువుగా ఉండాలి. నాలుగోది మా చంద్రపూర్ ఎండ. మే నెలలో కుండలో నీళ్ళే వేడెక్కే ఊరు ఇది. వేడిగా ఉన్న లైటర్‌లోకి గ్యాసు దిగదు. అందుకని ఖాళీ లైటర్‌ను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, తీసి తడి తుడిచి, అప్పుడు నింపేదాన్ని. నింపాక పది నిమిషాలు ముట్టుకోకూడదు. ఫ్రిజ్‌లో పచ్చిమిరపకాయల పక్కన లైటర్ చూసిన అమ్మ, నా బిడ్డకు గనిలో గ్యాసు తలకెక్కిందని పక్కింటావిడతో చెప్పింది.

ఇన్ని చేసినా వర్షాలు మొదలయ్యేసరికి మళ్ళీ మొండికేసింది. గ్యాసు నిండా ఉంది, చప్పుడు వస్తోంది, మంట మాత్రం తుమ్మినట్టు వచ్చి పోతోంది. మంట వచ్చే మూతి పూడుకుపోయిందని తెలుస్తూనే ఉంది. ల్యాంపు రూములో ఏది పూడుకున్నా సూదితో గీకడం మాకు అలవాటు. ఇక్కడా గుండుసూది పెట్టాను. గోటితో పోయేదానికి గొడ్డలి అన్నట్టు, ఆ సూది తగిలి నిప్పురవ్వ పుట్టించే సన్నటి తీగ వంగిపోయింది. రవ్వ కూడా పోయింది.

దాన్ని దుకాణంలో చూపిద్దామని మర్నాడు డ్యూటీ సంచిలో వేసుకున్నాను. బస్సెక్కి టికెట్ తీసుకున్నాక గాని గుర్తుకు రాలేదు, నేను వెళ్తున్నది గనికని. వంగిన తీగైనా లైటర్ లైటరే. తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి నడిచి వచ్చి, దాన్ని ఇంట్లో పెట్టి, సగం రోజు సెలవు చెప్పాను. గేటు దగ్గర పట్టుబడితే, మిగతావాళ్ళకు నీతులు చెప్పే ల్యాంపు రూము మేడమ్ అని ఏడాదిపాటు నవ్వేవాళ్ళు.

మధ్యాహ్నం లైటర్ తీసుకుని బజారుకు వెళ్తే దుకాణదారు చూసి పారెయ్యమన్నాడు, కొత్తది కొనుక్కోమన్నాడు. కొనగలను. కానీ అమ్మ వేలికి ఆ మీట ఎంత కష్టపడితే అలవాటైందో నాకు తెలుసు. అతనికి తెలియదు. ఫోటో స్టూడియోలో కెమెరా దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి గ్యాసంతా వదిలేసి, పట్టకారుతో తీగను వెంట్రుకవాసి చొప్పున మూతివైపు సరిచేశాను. తర్వాత బుడ్డితో గట్టిగా ఊదాను. తెల్లటి పొడి రాలింది. వేలితో తీసి చూస్తే సున్నం.

అప్పుడర్థమైంది. అమ్మ లైటర్‌ను తన వక్కాకు సంచిలో వేసుకుంటోంది. అందులో వక్కలు, పొగాకు నలుసులు, మూత సరిగా పట్టని సున్నం డబ్బా. ఆ సంచిలో పెట్టొద్దని ఎంత చెప్పినా, అందులో ఉంటేనే నాది అన్నట్టుంటుందని వాదించింది. చివరికి పాత జాకెట్ గుడ్డతో మూతి బిగించే చిన్న తిత్తి కుట్టి, లైటర్‌ను అందులో వేసి, ఆ తిత్తినే వక్కాకు సంచిలో పెట్టాను. ఆమె మాటా నెగ్గింది, నా మాటా నెగ్గింది.

మరుసటి ఆదివారం పొద్దున లైటర్‌కు గ్యాసు నింపి గుమ్మం మీద పెట్టాను, పది నిమిషాలు ఆగాలని. అమ్మ చుట్ట పళ్ళ మధ్య పెట్టుకుని ఎదురుచూస్తోంది. అప్పుడే రాజురా వైపు ఊరి నుంచి మా చిన్నాన్న కొడుకు వచ్చాడు. నాన్న పోయినప్పుడు తలకొరివి పెట్టింది ఈ తమ్ముడే. ఆడపిల్లవు, కాటికి రాకూడదు, ఇంటి దగ్గరే ఉండు అని నాతో పెద్దలన్నారు. ఉండిపోయాను. అమ్మ కాలం వచ్చినా అతనే పెడతాడని అందరూ అనుకున్నదే, నేను కూడా.

తమ్ముడు కూర్చుంటూనే జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. "ఈ మిషన్‌తోని ఏంది పెద్దమ్మా, నేను ముట్టిస్త తియ్యి," అన్నాడు.

అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పది నిమిషాలయ్యాయా అని నన్ను కళ్ళతోనే అడిగింది. తలూపి లైటర్ ఆమె ఎడమచేతిలో పెట్టాను. ఒకసారి నొక్కింది, అంటుకోలేదు. రెండోసారీ అంతే. మూడోసారి నీలిమంట లేచింది, వేలి కణుపంత, కదలకుండా. చుట్ట ముట్టించుకుని ఒక దమ్ము పీల్చాక తమ్ముడివైపు చూసింది.

"ఒకరు నాకు నిప్పు పెట్టేది ఒక్కపారే కొడుకా. గా నిప్పు నా బిడ్డ పెడ్తది. గప్పటిదాంక నా నిప్పు నేనే పెట్టుకుంట."

తమ్ముడు, "నీ ఇష్టం పెద్దమ్మా," అని అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. నేను చాయ్ పెడతానని లోపలికి వెళ్ళాను. స్టవ్ వెలిగించకుండానే చాలాసేపు నిలబడి ఏడ్చాను. ఆ రోజు నాన్న వెంట వెళ్ళకుండా ఇంటి దగ్గర ఉండిపోయినందుకు ఏడ్చాను, ఇప్పుడు అమ్మ నన్ను కాటికి రమ్మన్నందుకు ఏడ్చాను.

అప్పటి నుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. పాత గాలి వదులుతాను, మూతి ఊదుతాను, తీగ చూస్తాను, గ్యాసు నింపుతాను, పది నిమిషాలు ఆగుతాను. చుట్ట మానెయ్యమని ఇప్పటికీ పోరుతూనే ఉన్నాను, ఆమె ఇప్పటికీ వినదు. ఆ లైటర్ ఆమె చేతిలో వెలుగుతున్నన్నాళ్ళూ నా వంతు రాదు. రానివ్వను.