కోదాడలో మార్చిన చిప్

మిర్యాలగూడలో స్టేషన్‌కు పోయే దారిలో మాకు చిన్న డీటీపీ షాపు ఉండేది. అంతకుముందు అదే గదిలో మా ఆయన సీసం అక్షరాలు పేర్చి, కాలితో తొక్కే ట్రెడిల్ మీద పెళ్లి కార్డులు, మిల్లుల బిల్లు పుస్తకాలు అచ్చు వేసేవాడు. తొంభైల నడుమకు వచ్చేసరికి అందరూ కంప్యూటర్ అక్షరాలే కావాలన్నారు. ట్రెడిల్ అమ్మేసి, ఒక రైస్ మిల్లు ఆఫీసులో వాడి పక్కన పెట్టిన ఫోర్ ఎయిటీ సిక్స్ కంప్యూటర్ కొన్నాం. టైపు నేర్చుకున్నది నేను. ఆయన పక్కన కూర్చుని తప్పులు దిద్దేవాడు.

కొంతకాలానికి మా దారిలోనే ఇంకొకరు పెంటియం మెషిన్లతో షాపు తెరిచారు. అక్కడ కళ్ల ముందే అయిపోయే పేజీ మా తెర మీద గీత తర్వాత గీతగా దిగేది. పేజీ తెరవమని మౌస్ నొక్కి, వెనక గదిలోకి పోయి బియ్యం కడిగి ఎసట్లో పోసి వచ్చినా సగం ఖాళీగానే ఉండేది. వచ్చిన గిరాకీలు కాసేపు నిలబడి, మళ్లీ వస్తామని చెప్పి అటు పోయేవాళ్లు. చివరికి మాకు మిగిలిన పెద్ద పని ఒక్కటే, నేరేడుచర్లలో ఒక ప్రైవేటు బడి ప్రశ్నపత్రాలు. మా గది దాటి బయటికి పొక్కవన్న నమ్మకంతో ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ మాకే ఇచ్చేది.

ఆ ఏడాది అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడ్డాక మెషిన్ మధ్యమధ్యలో బిగుసుకుపోవడం మొదలైంది. ఏడో తరగతి సాంఘిక శాస్త్రం సగం కొట్టాక తెర కదలదు. ఆపి మళ్లీ పెడితే కొట్టిందంతా పోయేది. మళ్లీ మొదటి ప్రశ్న నుంచి కొట్టేదాన్ని.

సూర్యాపేట నుంచి వచ్చిన మెకానిక్ మూత తీసి చూసి, దీనికి ఏం చేసినా దండగ, కొత్తది తీసుకోండి అన్నాడు. మా చిక్కు వేరే ఉంది. మా తెలుగు ప్రోగ్రాంకు లాక్ అని ఒక చిన్న ముక్క ఉండేది. ప్రింటర్ తీగ పెట్టే చోట దాన్ని తగిలిస్తేనే తెలుగు తెరుచుకునేది. కొత్త మెషిన్‌లో అది పనిచేస్తుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. అమ్మినవాళ్లు దుకాణం ఎత్తేసి ఎటో పోయారు.

కోదాడలో ఇంకో మెకానిక్ మాత్రం ప్రాసెసర్ అనే చిప్ ఒక్కటి మారిస్తే చాలు, మిగతాదంతా అదే ఉంచుకోవచ్చు అన్నాడట. నాకు అదే మంచిదనిపించింది. మా ఆయనకు అందులో చేయి పెట్టించడమే ఇష్టం లేదు.

"నడుస్తున్నదాన్ని ఇప్పి సూస్తే, అది కూడా నడవకపోతే ఏం జేస్తం?" అన్నాడు.

"ఇది నడుసుడా?" అన్నాను. ఆయన లేచి దుప్పట్లో మెషిన్ చుట్టి కట్టాడు.

శనివారం పొద్దున కోదాడ బస్సెక్కాం. ఎవరి మోచేయీ తగలకుండా ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని దారంతా పట్టుకునే కూర్చున్నాడు.

మెకానిక్ పాత చిప్ ఊడదీసి కొత్తది పెట్టాడు. తెర చకచకా వెలిగింది. నా ప్రాణం లేచి వచ్చింది. కానీ తెలుగు తెరిస్తే లాక్ దొరకలేదన్న మాట వచ్చి ఆగిపోయింది. ఆ లాక్ ముక్కను తీసి తగిలించాం, తుడిచి తగిలించాం. అదే మాట. పోనీ పాతదే పెట్టేయమన్నాను. దాన్ని తిరిగి నొక్కుతుంటే ఒక పిన్ను వంగింది. అతను బ్లేడు అంచుతో జాగ్రత్తగా నిలబెట్టబోతే మొదలుకంటా విరిగింది.

"ఇది ఇక పనికిరాదమ్మా," అన్నాడు మెల్లగా. అతని ముఖం కూడా పాలిపోయింది.

కొత్త చిప్‌తోనే తిరుగు బస్సెక్కాం. బస్సు నేరేడుచర్లలో ఆగినప్పుడు కిటికీలోంచి ఆ బడి గేటు కనిపించింది. దిగి చెప్పేద్దామా అని ఆయన వైపు చూశాను. ఆయన ముందు సీటు వీపు వైపే చూస్తున్నాడు. చెబితే ఉన్న ఆ ఒక్క పనీ పోతుంది. చెప్పకపోతే సోమవారం ప్రశ్నపత్రాల కోసం హెడ్‌మిస్ట్రెస్ వచ్చి చేయి చాపుతుంది. బస్సు కదిలింది.

ఇంటికి వచ్చాక ఆయన మైనం పూసిన స్టెన్సిల్ కాగితాలు, ఇనుప మొన ఉన్న కలం కొనుక్కొచ్చాడు. బడిలో సైక్లోస్టైల్ మిషన్ ఉంది కాబట్టి చేత్తో రాసిచ్చినా అచ్చు తీసుకోవచ్చు. ఆదివారం పొద్దంతా నేను ప్రశ్నలు చదివి చెబుతుంటే ఆయన రాశాడు. గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది, మెల్లగా రాస్తే అక్షరం పడదు. వేళ్లు తిమ్మిరెక్కి విదిలించుకుంటూ రాశాడు. పదో తరగతి లెక్కల్లో బొమ్మలు వచ్చేసరికి మూడు స్టెన్సిళ్లు పాడయ్యాయి. ఆయన కలం కింద పెట్టి గోడకు ఆనుకున్నాడు. నేను లేచిపోయి గిన్నెలు తోముతూ ఏడ్చాను.

సోమవారం హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. స్టెన్సిళ్లు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. జరిగిందంతా చెప్పాను.

"చిన్న క్లాసులకు నడుస్తది. టెన్త్ పిల్లలకు ఇది ఎట్ల ఇయ్యాలె చెప్పు?" అంది. ఆమె కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. టీచర్లు రాసిచ్చిన పై తరగతుల ప్రశ్నల కాగితాలు తీసి సంచిలో పెట్టుకుని పెంటియం షాపు వైపు నడిచింది.

ఆ మధ్యాహ్నమే పక్క ఎస్టీడీ బూత్‌కు కోదాడ మెకానిక్ ఫోన్ చేశాడు. మెషిన్ ముందు టర్బో అని బటన్ ఉంటుంది, దాన్ని నొక్కి వేగం తగ్గించి తెలుగు తెరవండి, తెరుచుకున్నాక మళ్లీ నొక్కండి అన్నాడు. మా తెలుగు ప్రోగ్రాం ఆ వేగాన్ని తట్టుకోలేక లాక్‌ను గుర్తుపట్టడం లేదట. పరుగున వచ్చి నొక్కాను. తెలుగు తెరుచుకుంది. పేజీలు గబగబా దిగాయి. ఆ పేజీల్లో కొట్టడానికి మాత్రం ఏ పనీ లేదు. మా ఆయన వచ్చి కాసేపు తెర చూసి, ఆపెయ్, కరెంటు దండగ అన్నాడు.

చిన్న తరగతుల పనిని మాత్రం ఆ బడి వాళ్లు ఆపలేదు. ఆ చిప్‌తో ఆ ఎండాకాలం పెళ్లి కార్డులు కొన్ని చేశాం. వానలు పడ్డాక ఒక పొద్దున లోపలి బోర్డే కాలి వాసన వచ్చింది. ఇక వేరే దారి లేక కొత్త మెషిన్, దానితోపాటు కొత్త తెలుగు ప్రోగ్రాం తెచ్చాం. పాత ప్రోగ్రాంలో కొట్టిన పేజీలు అందులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వరుసలుగా వచ్చాయి. మా ఆయన పాత అచ్చు కాగితాల కట్ట విప్పి, పైది తీసి నాకు చదివి చెప్పడం మొదలుపెట్టాడు. నేను మళ్లీ కొట్టడం మొదలుపెట్టాను.