ఎర్రయ్య తోట కంద

నిన్న మా కోడలు చేతులకు చింతపండు రాసుకోకుండానే కంద తరగడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి పచ్చి మట్టివాసన, దాని వెనకే "అబ్బా, దురద!" అన్న కేక. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే దాలమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

పంతొమ్మిదివందల యాభైల్లో మా ఆయన పలాసలో బడిపంతులు. నేను కొత్తగా కాపురానికి వచ్చినదాన్ని. వారానికి రెండుసార్లు ఉద్దానం తోటల నుంచి దాలమ్మ నెత్తిన గంపతో నడిచి వచ్చేది. ఆమెకు సొంతంగా సెంటు భూమి లేదు. నాలుగైదు చిన్న తోటల్లో పండిన కొబ్బరికాయలూ పనసకాయలూ దుంపలూ తెచ్చి మా ఇళ్ళకూ, స్టేషను దగ్గర భోజన హోటలుకూ వేసేది. ఆమె లేకపోతే ఆ రైతులెవరో మాకు తెలియదు, మేమెవరమో వాళ్ళకు తెలియదు. ఆమెకో వింత అలవాటుండేది. పోయినసారి ఇచ్చింది ఎలా ఉందో చెప్పందే గంప దించేది కాదు. "సెప్పమ్మా, ఆ మాట తోటకి మోసుకెల్లాల," అనేది. అంత బరువు నెత్తిన పెట్టుకుని జవాబు కోసం నిలబడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఒకసారి ఎర్రయ్య అనే రైతు తోటలోని కంద తెచ్చింది. కొబ్బరిచెట్ల కింద కంద వేయడం అతనికి అదే మొదలట. ఎంత పులుసు పోసి వండినా గొంతు పట్టుకుంది. మా ఆయన రెండో ముద్దకే మజ్జిగ అడిగారు. తర్వాత దాలమ్మ వచ్చి అడిగితే మాత్రం "బాగుంది" అనేశాను. ఎండన పడి అంత దూరం వచ్చిన మనిషి మొహాన బాగోలేదని ఎలా అనేది? అదే మర్యాద అనుకున్నాను.

ఆ మాట పట్టుకుని ఆమె ఎర్రయ్య చేత ఇంకొంత కంద తవ్వించి హోటలుకు వేసింది. ఆ మధ్యాహ్నం తిన్నవాళ్ళందరికీ గొంతులు దురదలే. హోటలాయన మండిపడి, ఆ తోటల సరుకేదీ ఇక తన గుమ్మం తొక్కకూడదన్నాడు. ఆ రైతులందరికీ కలిపి ఉన్న ఒక్క పెద్ద బేరమూ పోయింది.

దాలమ్మ ఖాళీ గంపతో మా ఇంటికి వచ్చింది. "నిజిం సెప్పమ్మా. నీకు దురదెట్టలేదా?"

"పెట్టింది," అన్నాను తలొంచుకుని.

తిట్టలేదు. "అయితే నువ్వే వచ్చి ఎర్రయ్యకి సెప్పాల. అబద్దం నాను మోసినాను. నిజిం నువ్వే మొయ్యి."

మా ఆయన నవ్వారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? కొన్నాళ్ళుపోతే అందరూ మరచిపోతారు." నాకు ఒళ్ళు మండింది. ఆయన బడికి వెళ్ళగానే తలుపు గొళ్ళెం పెట్టి దాలమ్మ వెనకే బయల్దేరాను.

ఇసుక దారిలో నడిచి నడిచి తోట చేరేసరికి కాళ్ళు బొబ్బలెక్కాయి. ఎర్రయ్య పాదులు చేస్తున్నాడు. "మీ కంద దురద పెట్టింది. బాగుందని అబద్ధం చెప్పింది నేనే," అన్నాను. కోప్పడతాడనుకున్నాను. అతను పారను పక్కన పెట్టాడు.

"ఆకు పండకండానే, దుంప ముదరకండానే తవ్వీసినానమ్మా. బాగుందన్నారు కదాని మల్లా తవ్వినాను." మళ్ళీ తనే అన్నాడు: "ఇన్నేల్లు కాయగూరలమ్మినాను. బాగోనప్పుడు జనం కొండం మానీసీవోరు. ఎందుకు మానీసినారో ఎవులూ ఒచ్చి సెప్పలేదు."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. తిడితే బాగుండేది.

మిగిలిన కందను ఆకు పండి వాలేదాకా నేలలోనే ఉంచాడు. తర్వాత దాలమ్మ తెచ్చిన దుంపను నేనే వండి, గిన్నెతో సహా హోటలుకు పట్టుకెళ్ళాను. పంతులుగారి భార్య హోటలెక్కడమేమిటని చూసినవాళ్ళు చూశారు. హోటలాయన మంచినీళ్ళ చెంబు దగ్గర పెట్టుకుని మరీ తిన్నాడు. చెంబు ముట్టకుండానే గిన్నె ఖాళీ అయింది. "ఆ దాలమ్మను రేపు రమ్మనండి," అన్నాడు.

దాలమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ కొన్న కాయ చేదైతే వెనక్కి వెళ్ళి అమ్మినవాళ్ళకు చెప్పి వస్తాను. కొందరు విసుక్కుంటారు. "నచ్చకపోతే వేరే కొట్టుకు పో మామ్మా," అంటారు. పోవచ్చు. చెప్పకుండా మాత్రం పోలేను.