కాలి గాయంతో వెళ్తే కడుపు చూసిన డాక్టరమ్మ

జువ్వలదిన్నెలో పడవలు బాగుచేసే వడ్రంగి మా నాయన. ఆయనకు అన్నం ఇచ్చి వస్తూ అమ్మ ఒడ్డున ఆల్చిప్ప తొక్కింది. పాదం వాచి, చీము పట్టి, జ్వరం కూడా వచ్చేసరికి ఆమెను నెల్లూరు తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాం. అరవయ్యో దశకం మొదట్లో మాట. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు.

అక్కడి డాక్టరమ్మకు ఒక అలవాటుండేది. ఏ జబ్బుతో చేరినా సరే, ప్రతి రోగి కడుపూ తడిమి చూసేది.

"నొప్పి కాల్లో గదా డాక్టరమ్మా, కడుపెందుకు నొక్కతా ఉండారు?" అని అమ్మ నవ్వింది.

డాక్టరమ్మ వేళ్ళు బొడ్డు కింద ఆగిపోయాయి. అక్కడే మళ్ళీ నొక్కింది. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, "లోపల గడ్డ ఉంది. పెద్దదే," అంది.

"ఏం గడ్డ?"

"కోసి చూస్తే గానీ చెప్పలేను."

ఇప్పుడైతే కడుపుమీద కాస్త జిగురు రాసి, పది నిమిషాల్లో తెరమీద చూపిస్తున్నారు. అప్పుడు మాకున్నవి ఆవిడ వేళ్ళు, ఆ తర్వాత కత్తి, అంతే.

పక్క మంచంమీద ఒక అక్క ఉండేది. "నాకూ కడుపులో గడ్డే. ముదిరిపోయిందంట. తెరిచి చూసి, ఏమీ తీయకుండానే కుట్టేసినారు," అని చెప్పి గోడవైపు తిరిగింది. చిన్న గడ్డేనని అమ్మకు అబద్ధం చెప్పాను. సంతకం చేయడం వచ్చిన నాయన ఆపరేషన్ కాగితంమీద వేలిముద్ర వేశాడు.

కాలి చీము తగ్గి, జ్వరం పోయాక, ఒక పొద్దున తొమ్మిదింటికి అమ్మను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్ళారు.

"నిన్ను ఎంతసేపటికి బయటికి తెచ్చినారక్కా?" అని పక్క మంచం ఆమెను అడిగాను.

"అరగంటకే."

అరగంట దాటాలని ప్రార్థన చేశాను. దాటింది. గంటన్నర కూడా దాటింది. అప్పుడు, అసలు అమ్మ బతికుందా అని కొత్త భయం పట్టుకుంది.

పదకొండు దాటాక డాక్టరమ్మ బయటికొచ్చింది. "కొబ్బరికాయంత ఉంది. నీళ్ళ గడ్డ, చెడ్డది కాదు. మొత్తం తీసేశాం," అంది.

అమ్మ కోలుకుంది. ఇంటికి పంపే రోజు నేను డాక్టరమ్మ వెంటపడ్డాను.

"నా కడుపు కూడా చూడండమ్మా. మా నాయనది కూడా."

"నొప్పేమైనా ఉందా?"

"మా అమ్మకూ లేదు గదమ్మా."

ఆవిడ ఇద్దరినీ చూసి, ఏమీ లేదంది. అయినా చాలా ఏళ్ళపాటు స్నానం చేసేటప్పుడు తలుపు గడియ వేసుకుని, ఊపిరి బిగబట్టి, నేనే నొక్కి చూసుకునేదాన్ని.